విప్పని పేర్ల కట్ట

ఉస్తాద్ పోయిన కబురు నాకు టీ బండి దగ్గర అందింది. లక్సెట్టిపేట బస్టాండు ఎదుట తునికాకు లారీ ఒకటి ఆగింది. దాని డ్రైవరు నన్ను గుర్తుపట్టి, గ్లాసు చేత పట్టుకునే అడిగాడు.

"పాస్టరన్నా, మీ కోరుట్ల ఉస్తాద్ పోయిండు గద. నీకు ఎర్కలేదా?"

"ఎప్పుడు?"

"మొన్న శుక్రారం. నమాజు కాంగనే మట్టి జేసిన్రు. మస్తు మంది వచ్చిన్రు. నువ్వు గూడ వచ్చినవనుకున్న."

నేను పోలేదు. ఆ శుక్రవారం జన్నారం పక్క పల్లెలో ఉపవాస కూటం పెట్టుకుని, మరణానికి ఇక బలం లేదని గొంతు చించుకుంటున్నాను. నేను బల్ల గుద్దుతున్న వేళకే కోరుట్లలో ఆయన మీద మట్టి పోస్తున్నారన్నమాట.

ఈ చిన్న పత్రిక చదివే మీలో చాలామందికి నా గొంతు తెలుసు. నిజానికి నేను పాస్టరును కాను, జీపు డ్రైవరును. బడి మొహం చూడలేదు. వాక్యం చదవాలన్న ఆశతోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ గ్రంథమే నాకు పలక, అదే బడి. ఇప్పటికీ స్టీరింగు పక్కన అదే ఉంటుంది. పాపం గురించి నేను మాట్లాడితే ముందు వరుసలో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారని మీరే అంటారు. పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంపాదకులు అడిగారు. రాస్తాను. కానీ ఆయన మంచి చెప్పాలంటే నా చెడు చెప్పక తప్పదు. అది దాచి రాస్తే ఈ స్మృతి అబద్ధమవుతుంది. ఒక అబద్ధం చేసిన పని నేను కళ్లారా చూశాను. ఇంకొకటి ఆడలేను.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవల్లో బడులు మూతపడ్డ ఏడు, ఆయన పదో తరగతిలో ఉన్నాడట. బడి తెరిచేదాకా ఊరికే ఉండలేక కోరుట్లలో ఒక రేడియో దుకాణంలో కూర్చున్నాడు. బడి తెరిచారు, ఆయన మాత్రం తిరిగి పోలేదు. రేడియోల నుంచి టేపురికార్డర్లు, వాటి నుంచి టీవీలు, చివరికి కంప్యూటర్లు. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, ఉర్దూ నిఘంటువు ఇంకో పక్క పెట్టుకుని, ఒక్కో మాట వెతుక్కుంటూ నేర్చాడు. నేను వాక్యం నేర్చుకున్నదీ అట్లాగే. అందుకే ఆయన నమాజుకూ నా ప్రార్థనకూ ఎంత దూరమున్నా మా ఇద్దరికీ కుదిరింది.

టీబీ మందులు ఊరికే ఇచ్చే ఒక సేవాసంస్థ మమ్మల్నిద్దరినీ ఒక జీపులో కూర్చోబెట్టింది. దానికి నాలుగు కేంద్రాలు: కోరుట్ల, లక్సెట్టిపేట, ఖానాపూర్, నిర్మల్. నేను బండి నడిపేవాణ్ని, ఆయన నాలుగు చోట్లా కంప్యూటర్లు చూసుకునేవాడు. మా దిక్కు ఆడవాళ్లు బీడీలు చుడతారు. పొగాకు దుమ్ములో పొద్దంతా వంగి కూర్చుంటారు. దగ్గు వస్తే దుమ్ము వల్లనే అనుకుంటారు. టీబీ అని తేలాక నెలల తరబడి గోలీలు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. నయమైందని మానేస్తారు. మానేస్తే జబ్బు తిరగబడుతుంది, అప్పుడు ఆ గోలీలకు లొంగదు. బతకడమా చావడమా అన్నది ఆ మానేసే దగ్గరే తేలుతుంది.

అందుకే ఆ కంప్యూటర్లు. ఎవరు ఏ రోజు గోలీలు తీసుకుపోయారో అందులో ఎక్కించేవారు. ప్రతి గురువారం, రాకుండా ఉన్నవాళ్ల పేర్లు కాగితం మీద అచ్చయి వచ్చేవి. ఆ కాగితం పట్టుకుని నేను ఊరూరా తిరిగేవాణ్ని. బతిమాలి, బెదిరించి, నరకం చూపించి, స్వర్గం చూపించి, ఏదో ఒకటి చేసి గోలీలు మింగించేవాణ్ని. ఆ పని నేను బాగా చేసేవాణ్నని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అయినా అది నిజం.

మా ఆడవాళ్లు ఒక్క చోట ఉండరు. అత్తగారి ఊళ్లో మందు మొదలుపెట్టి, దసరాకు తల్లిగారింటికి పోయి అక్కడే ఉండిపోతారు. ఎక్కడికి పోయినా వాళ్ల వివరం దొరకాలి. అందుకని ప్రతి కంప్యూటర్ తన కేంద్రం పేర్లతో పాటు ఒక పొరుగు కేంద్రం పేర్ల నకలు కూడా దాచుకునేది. ఖానాపూర్ నకలు నిర్మల్‌లో, నిర్మల్ నకలు లక్సెట్టిపేటలో, అట్లా. సాయంత్రాలు ఫోను లైను మీద కొత్త పేర్లు ఒకదానికొకటి అందించుకునేవి.

"ఒక్కటి చాలదా ఉస్తాద్? రెండు రెండు తావుల ఎందుకు?" అని మొదట్లో అడిగాను.

"నీ నలుగురు పిల్లల పేర్లు నీకు యాదికున్నయి. రేపు నువ్వు సస్తే? నీ భార్యకు గూడ యాదికుండాలె గద, పాస్టర్ సాబ్."

"నేనెందుకు సస్త?"

"అగో! దినాం మైకుల గదే చెప్తవ్. సావు మందికేనా, నీకు లేదా?"

ఆయన అలవాట్లు ఆయనవి. కంప్యూటర్ పెట్టె మూత తీసే ముందు రెండు చేతులతో కిటికీ ఇనుప ఊచలు గట్టిగా పట్టుకునేవాడు. "ఊచలకు మొక్కుతున్నవా ఉస్తాద్?" అని నవ్వేవాణ్ని. "ఒంట్లె ఉన్న కరెంటు దిగాలె. గా కరెంటు పెట్టె లోపటికి పోతే డిస్కు ఖతమైతది. నీ ఒంట్లెదైతే ఊచలకు గూడ దిగదు" అనేవాడు. విప్పిన స్క్రూలను టీ సాసరులో గుండ్రంగా, విప్పిన వరసలోనే పేర్చేవాడు. ఎవరైనా ఆ సాసరు జరిపితే ఆ రోజంతా వాళ్లతో మాట్లాడడు. కేంద్రంలో రోగుల అట్టకార్డులు ఊరి దిక్కును బట్టి కట్టలు కట్టి బీరువాలో పెట్టేవాడు. ఆ దారానికి ఆయన వేసే ముడి వేరు. రేడియో ఏరియల్ తీగకు వేసే ముడి అది, రెండు మెలికలు తిప్పి కింది నుంచి లాగుతాడు. ఇంకెవరికీ రాదు.

అన్నిటికంటే పెద్ద అలవాటు ఒక ప్రశ్న. ఎవరు ఏం చెప్పినా, కరెంటు వచ్చిందన్నా, బస్సు పోయిందన్నా, తల పైకెత్తి అడిగేవాడు: "చూసినవా, అనుకున్నవా?" అనుకున్నానని చెబితే కోపం రాదు. "అయితే పోయి చూసి రా" అనేవాడు, అంతే.

ఒక వానాకాలం చివర లక్సెట్టిపేట నుంచి ఫోను వచ్చింది. "ఉస్తాద్, పెట్టె నిండొచ్చింది. ఇంక కొన్ని పేర్లకే జాగ ఉందంటుంది." తరవాత నిర్మల్, ఆ తరవాత ఖానాపూర్, కోరుట్ల. మా జనం జబ్బు మా డిస్కులకంటే పెద్దదైపోయింది. నగరంలోని ఆఫీసుకు ఉత్తరం మీద ఉత్తరం రాస్తే మూడు పెద్ద డిస్కులు వచ్చాయి. యంత్రాలు నాలుగు. మా పాత పెట్టెల్లో కొత్త డిస్కు పాతదానితో కలిసి పని చేయదు. కాబట్టి మూడు చోట్ల పాతది తీసి, కొత్తది బిగించి, పొరుగు కేంద్రంలో ఉన్న నకలు తెచ్చి అందులో నింపాలి. తీసిన పాత డిస్కుల్లో ఒకదాన్ని తుడిచి ఖాళీ చేసి, లక్సెట్టిపేటలో ఉన్నదానికి జతగా బిగించాలి.

ఆయన నియమం ఒక్కటే. ఒకసారి ఒక్క పెట్టెనే విప్పాలి. నింపిన తరవాత బీరువాలో కార్డులన్నీ తీసి, ఒకరు తెర మీద పేరు చదవాలి, ఇంకొకరు కార్డు చూసి "ఉన్నది" అనాలి. బడిలో హాజరు పిలిచినట్టు. చివరి పేరు దాకా అట్లా పిలిచిన తరవాతే పాత డిస్కును తుడవాలి. అప్పటిదాకా దాన్ని తెల్లబట్టలో చుట్టి రేకు డబ్బాలో పెట్టుకునేవాడు.

నేను నోరు మూసుకునేవాణ్నా! "ఉస్తాద్, మా గ్రంథంల ఒక ధనవంతుడున్నడు. పాత కొట్లు ఇరగ్గొట్టి పెద్ద కొట్లు కట్టుకుంటనన్నడు. ఆ రాత్రే పాణం పోయింది" అన్నాను, ఆయన కొత్త డిస్కు బిగిస్తుండగా.

ఆయన స్క్రూ తిప్పడం ఆపలేదు. "గాయన కొట్లల్ల ఏమున్నయి?"

"వడ్లో, గోధుమలో."

"ఎవలకు?"

"తనకే."

"గీ కొట్టుల ఏమున్నయి, పాస్టర్ సాబ్? నీ పేరున్నదా, నా పేరున్నదా?"

ఇంకోసారి, తప్పిపోయిన గొర్రె సంగతి చెప్పాను. నూరు గొర్రెల్లో ఒకటి పోతే కాపరి తొంభై తొమ్మిదినీ వదిలి దాన్ని వెతుక్కుంటూ పోయిన కథ. అది నాకు ప్రాణం. కళ్ల నీళ్లు పెట్టుకుని చెప్పాను. అంతా విని ఆయన అడిగాడు: "ఒకటి పోయిందని గాయనకు ఎట్ల ఎర్కైంది?"

"అంటే?"

"ఎంచిండు గద! పొద్దుగూకంగనే ఎంచిండు. ఒక్కొక్కదాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఎంచిండు. మీరందరు ఎతికిన సంగతే చెప్తరు. ఎంచిన సంగతి ఎవ్వలు చెప్పరు."

ఇన్నేండ్లు ఆ భాగం చదివాను, నాకు తట్టలేదు. ఆ రోజు జీపు పక్కకు ఆపి ఆయన మొహం చూశాను.

ముందు నిర్మల్ అయింది. రెండు రోజులు పట్టింది. తరవాత ఖానాపూర్. నిర్మల్‌లో దాచిన ఖానాపూర్ నకలును ఫ్లాపీల మీద ఎక్కించుకుని, జీపులో తెచ్చి, కొత్త డిస్కులో నింపాడు. శనివారం పొద్దున హాజరు మొదలుపెట్టాం. ఆయన తెర ముందు, నేను కార్డులతో. మధ్యాహ్నానికి సగానికి పైగా అయింది. అప్పుడు ఆయనకు తొందర వచ్చింది. లక్సెట్టిపేటలో సోమవారం గోలీల రోజు. ఆలోగా అక్కడి పెట్టెలో జాగా చేయాలి. సాయంత్రం ఆరు దాటితే ఆ ఊళ్లో కరెంటు కోత. ఖానాపూర్ పాత డిస్కును తెల్లబట్టలో చుట్టి బస్సెక్కుతూ నాతో అన్నాడు:

"నర్సు సిస్టరమ్మ చదువుతది, నువ్వు కార్డులు చూడు. కడెం దిక్కు కట్ట ఆఖరిది. నిర్మల్ పెట్టె విప్పి ఉన్న రెండు దినాల్ల గీడ రాసిన కొత్త పేర్లు గా కట్టలనే ఉన్నయి. అటు పోయినయో లేదో ఎర్కలేదు. జర నిదానంగ చూడు. అయినంక ఫోన్ చెయ్యి. నీ ఫోన్ వచ్చేదాక నేను పాతదాన్ని ముట్ట."

అప్పగింతలు ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

ఆ సాయంత్రమే లక్సెట్టిపేటలో మూడు రోజుల కూటాలకు మొదటి రోజు. మొదటి ప్రసంగం నాది. కరపత్రం మీద నా పేరు పెద్ద అక్షరాలతో వేశారు. మూడు గంటలకు సిస్టరమ్మను సూది మందు కోసం వార్డులోకి పిలిచారు. అప్పటికి ఒక్క కట్ట మిగిలింది. కడెం దిక్కు కట్ట. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. దాని మందం బొటనవేలితో కొలిచాను. గోడ గడియారం చూశాను. ఇప్పటిదాకా ఒక్క పేరూ తప్పలేదు, ఇవి మాత్రం ఎక్కడికి పోతాయి అనుకున్నాను. ముడి కూడా విప్పకుండా బీరువాలో పెట్టేశాను. సిస్టరమ్మకు అయిపోయిందని చెప్పి, ఫోను తిప్పాను.

"అయిపోయింది ఉస్తాద్. అన్ని ఉన్నయి."

లైనులో గరగర. తరవాత ఆయన గొంతు: "చూసినవా, అనుకున్నవా?"

"చూసిన ఉస్తాద్."

"కడెం కట్ట?"

"చూసిన."

"శాబాష్. జీపు మెల్లగ తోలు."

నేను వచ్చేసరికి ఆయన పాత డిస్కును తుడిచి, లక్సెట్టిపేట పెట్టెలో బిగించి, మూత వేస్తున్నాడు. నేను బట్టలు మార్చుకుని కూటానికి పోయాను. సహోదరులారా, ఆ సాయంత్రం నేను దేని మీద ప్రసంగించానో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తప్పిపోయిన గొర్రె. "కాపరికి ఎట్ల తెలిసింది? ఎంచిండు! ఒక్కొక్కదాని తల మీద చెయ్యి పెట్టి ఎంచిండు!" అని ఉస్తాద్ మాటను నా మాటగా చేసుకుని గర్జించాను. జనం లేచి నిలబడ్డారు. అంత గొప్పగా నేను అంతకు ముందూ మాట్లాడలేదు, ఆ తరవాతా మాట్లాడలేదు.

కడెం కట్టలో పదకొండు పేర్లు నిర్మల్‌కు చేరలేదు. ఆ రెండు రోజులు తీసుకోవడానికి అవతల పెట్టె లేదు. ఆ పేర్లు ఉన్నది ఖానాపూర్ పాత డిస్కులోనే, అది నా మాట మీద తుడుచుకుపోయింది. ఇక మిగిలినవి బీరువాలో అట్టకార్డులు. పేరు ఒకసారి కంప్యూటర్లో ఎక్కాక ఆ బీరువా ఎవరూ తెరవరు.

కొన్ని వారాలకు సిస్టరమ్మ నాతో అన్నది: "పాస్టరన్నా, గీ మిషను కొందర్ని మరిశింది. నిన్న గోలీలకొచ్చిన ముసలాయన పేరే లేదు. మల్ల కొత్తగ రాసిన."

బీరువా నాకు రెండు గజాల దూరంలో ఉంది. లేచి, తాళం తీసి, ఆ కట్ట విప్పితే అయిపోయేది. "వేరే కేంద్రంల రాసిన్రేమో సిస్టరమ్మా" అన్నాను. తెరిస్తే నా అబద్ధం బయటపడుతుంది. అందుకని తెరవలేదు. మొదటిది తొందరలో చేశాను. రెండోది తెలిసి చేశాను. ఏది పెద్దదో నాకు చెప్పనక్కర్లేదు.

ఆ పదకొండు మందిలో పదిమంది తమంతట తామే మళ్లీ మళ్లీ వచ్చారు, వాళ్ల పేర్లు మళ్లీ ఎక్కాయి. పదకొండో పేరు కడెం దిక్కు గూడెంలో బీడీలు చుట్టే ఒక ఆడబిడ్డది. మొగుడు లేడు, అన్న ఇంట్లో ఉండేది. మొదటిసారి ఇచ్చిన గోలీలకే దగ్గు కాస్త తగ్గిందని మళ్లీ రాలేదు. అందరూ మానేసినట్టే. గురువారం గురువారం కాగితం వచ్చింది. ఆమె పేరు అందులో లేదు. నేను ఆ గూడెం పక్క రోడ్డు మీద నుంచే జీపు నడుపుకుంటూ వేరే పేర్ల కోసం పోయేవాణ్ని. చలికాలమంతా పోయాను.

ఎండాకాలంలో ఆమె అన్న ఎడ్లబండిలో తెచ్చాడు. చాప మీద చాప మడతలా ఉంది. ఉన్న గోలీలకు జబ్బు లొంగలేదు. ఇరవై రోజులు ఉంది. ఒక పూట నేను మంచం పక్కన ప్రార్థన చేస్తుంటే కళ్లు తెరిచి, "మీరొస్తరనుకున్న అన్నా. మా పక్కూరికి వచ్చిన్రట గద" అన్నది. నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. మర్నాడు పోయింది.

నగరం నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. కంప్యూటర్లో పేరెందుకు లేదని అడిగారు. ఉస్తాద్ బీరువా తెరిచి, కట్టలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. మిగతా కట్టలకు నేను వేసిన మామూలు ముడులు. కడెం కట్టకు ఆయన ముడి, రెండు మెలికలు తిరిగి, కింది నుంచి లాగి, ఎట్లా వేశాడో అట్లాగే ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమాడు. నా దిక్కు చూడలేదు.

"హాజరు చదివింది ఎవరు?" అని అధికారి అడిగాడు.

"చదువుడు నా పని సార్. ఆఖరి కట్ట నేను చదవలే. బస్సుకు ఆల్సమైందని పోయిన."

నేను అక్కడే ఉన్నాను. గోడకు ఆనుకుని. వేల మంది ముందు మైకు లేకుండా మాట్లాడే నా గొంతు అప్పుడు ఎక్కడికి పోయిందో దేవుడే చెప్పాలి. నెల తిరగకుండా ఆయన కొలువు పోయింది.

చివరిసారి ఆయన్ని కోరుట్లలో దింపడానికి నేనే జీపు నడిపాను. రాయపట్నం వంతెన దాటాక అడిగాను. "ఎందుకు ఉస్తాద్? ఎందుకట్ల చెప్పినవ్?"

"ముంగట చూసి తోలు."

"చెప్పు ఉస్తాద్."

"గీ మందల నీ మాట ఇని గోలీలు మింగెటోళ్లు ఎంతమంది? పాస్టరే అబద్ధమాడిండు, ఆయన మాట మీద ఒక పిల్ల సచ్చిందంటే, రేపు ఎవలు మింగుతరు? నేను పోతే ఇంకొక మెకానిక్ వస్తడు. నువ్వు పోతే గంత నోరున్నోణ్ని యాడ తెస్తరు?" మళ్లీ అన్నాడు: "నీ కోసం జెయ్యలే. ఫికర్ జెయ్యకు."

అదే నన్ను ఇప్పటికీ తింటున్నది. నన్ను ప్రేమించి చేశాడంటే క్షమాపణ అనుకుని ఏడ్చి ఉండేవాణ్ని. ఆయన నన్ను క్షమించలేదు. నా గొంతును పనిముట్టుగా వాడాడు. పనిముట్టుకు క్షమాపణ ఎందుకు?

తరవాత మూడేళ్లు ఆయన రేడియోల దుకాణంలోనే. నేను మూడు నాలుగు సార్లు పోయాను. ఒకసారి మా కూటాల యాంప్లిఫయరు చెడిపోతే బాగు చేసి ఇచ్చాడు. "నీ గొంతుకు గిది దండుగ" అని నవ్వాడు కూడా. ఛాయ్ తెప్పించాడు, పిల్లల సంగతి అడిగాడు. అన్నీ అడిగాడు. కానీ ఆ ఒక్క ప్రశ్న, "చూసినవా, అనుకున్నవా?" అన్నది, ఆ తరవాత నన్నెప్పుడూ అడగలేదు. వేరేవాళ్లను అడుగుతుంటే విన్నాను. నేను ఏం చెప్పినా ఊ కొట్టి ఊరుకునేవాడు.

టీ బండి దగ్గర కబురు విన్నాక తిన్నగా కోరుట్ల పోయాను. దుకాణం షట్టరు వేసి ఉంది. ఇంట్లో ఆయన భార్య, మా భాభీ, తెర చాటున కూర్చుంది. పరామర్శ మాటలు రెండు చెప్పాను, అవి నాకు అలవాటే. ఆమె అడిగింది:

"పాస్టర్ సాబ్, ఒకటి అడుగుత. నిజం చెప్తవా? ఆయన నిజంగనే గా కట్ట చదవలేదా?"

ఆమెకు కూడా చెప్పలేదు! మూడేళ్లు, ఒకే కప్పు కింద, కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

చెప్పాను. ఫోను సంగతి, బీరువా సంగతి, అన్నీ.

"మూడేండ్లు నేను ఆయన్ని ఎన్ని మాటలన్ననో నీకు ఎర్కనా?" అన్నది. "ఆడపిల్ల సచ్చింది నీ మూలాన, నీకు నిద్ర ఎట్ల వస్తదని అన్న. మొన్న పానం బాగలేక పండుకున్నప్పుడు గూడ, నీళ్లిచ్చుకుంట గదే అన్న. ఒక్క మాట ఎదురు చెప్పలే. నీళ్లు తాగి గ్లాసిచ్చిండు."

నేను నేల మీద పడి ఏడ్చాను. ఆమె నన్ను లెమ్మనలేదు.

"నాకు చెప్తే ఏమొస్తది? గా పిల్ల అన్నకు చెప్పినవా?" అన్నది. "నువ్వు పో."

క్షమాపణ గురించి ఇన్నేళ్లు అరిచాను. నీళ్లలో ముంచి లేపినంత సులువని చెప్పాను. ఇప్పుడు గ్రంథం తెరిస్తే అక్షరాలు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాయి. పరలోకంలో ఒక పుస్తకముందని, అందులో పేరున్నవాళ్లే బతుకుతారని మీకు చెప్పాను. భూమ్మీద ఒక పుస్తకం నా చేతికిచ్చారు. అందులో ఒక్క పేరు నేను పిలవలేదు. ఇంక ఆ పరలోకపు పుస్తకం గురించి నేను ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి? నాకు తెలిసిన మనుషుల్లో నిజంగా ఎంచిన మనిషి ఒక్కడే. మా వాళ్ల లెక్క ప్రకారం ఆయన మా మందలో లేడు. నేను ఉన్నాను. ఈ లెక్క నాకు అర్థం కావడం లేదు, అర్థమైందని అబద్ధమాడను. ఉస్తాద్‌కు కృతజ్ఞత చెప్పాలి. చెబుతున్నాను. చెప్పవలసిన రోజున చెప్పని కృతజ్ఞత ఎవరికి పనికొస్తుందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున గూడెం పోయాను. ఆ అన్న వాకిట్లో తట్ట అల్లుతున్నాడు. తల కాస్త నెరిసింది. నన్ను చూసి మంచం వాల్చాడు. "కూసో అన్నా. మస్తు దినాలకొచ్చినవ్."

నిలబడే చెప్పాను. ఆయన వెదురుబద్ద చేతిలో పట్టుకుని విన్నాడు.

"ఒక్క కట్టనేనా?"

"ఒక్కటే."

"గది చదువుటానికి ఎంతసేపు పట్టు?"

"అర్ధగంట."

"అర్ధగంట" అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. కొడతాడనే పోయాను, కొడితే బాగుండును. బద్ద కింద పెట్టి లోపలికి పోయి, చూరులో దోపిన కాగితం పొట్లం తీసుకొచ్చాడు.

"మా చెల్లె ఇడిసిపెట్టిన గోలీలు. బతుకమ్మ పండుగైనంక మింగుతనన్నది. మందాయె, ఎట్ల పారేద్దు? మీరెవలన్న వస్తె ఇద్దామని ఉంచిన."

పొట్లం నా చేతిలో విప్పాడు. మూడు వానాకాలాల తేమకు గోలీలు కరిగి ఒక ముద్దయ్యాయి. వాటి ఎరుపు ఆయన వేళ్లకు అంటింది. ఆయన ఒకసారి చెయ్యి చూసుకుని, సున్నం వేసిన గోడకు తుడుచుకుని, మళ్లీ తట్ట ముందు కూర్చున్నాడు. ఆయన తల వెనక, తెల్లటి గోడ మీద నాలుగు వేళ్ల ఎర్ర చార, ఎండలో ఇంకా తడిగానే ఉంది.